‘తాచిన యది’యా, ‘తన్నిన యది’యా?

(గుంటూరు, విజయవాడల్లోని తమ పేటల పేర్లతో మిత్రులు చేసుకున్న ముచ్చట.)

బ్రాడీపేట: నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో, కాళ్ల మీద వాలిన కృష్ణుడి తలకు అలిగిన సత్యభామ కాలు తగిలించాక, అతను బతిమాలే పద్యం ఒకటి సగమే నోటికొస్తోంది. “నను భవదీయ దాసుని మనంబున నెయ్యపు కిన్కఁ బూని...” ఆ తర్వాత “తన్నిన యది నాకు మన్ననయ” అనా, “తాకిన యది” అనా? కథలు తెరకెక్కేసరికి పోటీపడే ఇద్దరు ఆడవాళ్లలో ఒకరు గయ్యాళి, ఒకరు సాధ్వి ఎందుకైపోతారన్నది అసలు ప్రశ్న. సత్యభామతో మొదలుపెడదామంటే ఈ క్రియ దగ్గరే బండి ఆగింది.

లబ్బీపేట: రెండూ కావండీ, “తాచిన”. చంపకమాల కదా, పదకొండో అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది పొత్తు కుదరాలి. మొదటి పాదం “తా” దగ్గర ముగుస్తుంది. రెండోది “చిన యది నాకు మన్ననయ చెల్వగు నీ పదపల్లవంబు మ”. “చి”కి “చె” కుదిరింది. తాకిన అంటే కి-చె, తన్నిన అంటే న్ని-చె. యతి చెల్లదు.

బ్రాడీపేట: తన్నిన అంటే గణం కూడా పోతుందిగా? “త” లఘువు.

లబ్బీపేట: పోదు. రెండో పాదం “న్ని”తో ఎత్తుకున్నా ఆ ద్విత్వం వెనక్కి పాకి “త”ను గురువు చేస్తుంది. చివరి రగణం (గురువు, లఘువు, గురువు) భేషుగ్గా ఉంటుంది. ఆ ఘట్టంలోనే “పూజా భాజనంబై తన / ర్చు లతాంతాయుధు కన్నతండ్రి” చూడండి, అదే పద్ధతి. ప్రాస, అంటే పాదంలో రెండో అక్షరం “న”, కూడా నిలుస్తుంది. అందుకే ఈ తప్పు చెవికి దొరకదు, యతి ఒక్కటే పట్టిస్తుంది. ఇక “తాకిన” మూడో పాదంలో ఉంది: “కంటక వితానము తాకిన నొచ్చునంచు”. అక్కణ్ణించి పైకి పాకి ఉంటుంది.

అరండల్‌పేట: యతి సరే, అర్థమో? తాచు అంటే తన్ను అని నిఘంటువు చెప్పి ఊరుకుంటుంది. నాకు మాత్రం అందులో తాచుపాము బుస వినిపిస్తుంది.

గవర్నరుపేట: పామునెందుకు లాగుతారు మాష్టారూ!

అరండల్‌పేట: లాగింది నేను కాదు, తిమ్మనే. “వ్రేటువడ్డ యురగాంగనయుం బలె” అని లేపాడు కదా ఆవిణ్ణి. దెబ్బతిన్న ఆడపాము అన్నవాడు తాచు అనే మాట ఊరికే వాడతాడా?

గవర్నరుపేట: పాము త్రాచు. క్రావడి (ర ఒత్తు) ఉంది. మీ సిద్ధాంతం అక్కడే పడిపోయింది. ముక్కు తిమ్మనార్యు ముద్దుపలుకు అన్నారు గానీ బుస అనలేదు.

కృష్ణలంక: మాట ఎవరిదో కూడా చూడండి. కవి తన నోటితో చెప్పినప్పుడు “వామపాదంబునం దొలఁగంద్రోచె” అన్నాడు. కాళ్ల మీద వాలిన తలను పక్కకు నెట్టింది, అంతే. తాచావు అన్నవాడు కృష్ణుడు. తప్పు చేసినవాడు తిన్న దెబ్బను పెద్దది చేసి చెప్పుకోవడం బతిమాలే విద్యలో భాగం. పైగా “మన్ననయ”లో చివరి అకారం అవధారణ: మన్ననే సుమా అని. వెంటనే కవి “నాథుల్ నేరముల్ సేయఁ బేరలుకం జెందిన యట్టి కాంత లుచిత వ్యాపారముల్ నేర్తురే” అంటూ నేరం మగడి మీదే పెట్టేశాడు. తెర మీద త్రోపుకీ తాపుకీ తేడా కనబడదు, ఆవిడ తరఫున మాట్లాడే కవీ ఉండడు. మిగిలేది కాలొక్కటే. చూసేవాడు గయ్యాళి అనక ఏమంటాడు?

కొత్తపేట: రుక్మిణికి జరిగిందీ అన్యాయమే. తిమ్మన మొదటి ఆశ్వాసంలో సవతులిద్దరూ ఎదురుపడరు. పారిజాతం అక్కడ రుక్మిణికి ఇచ్చారు, కబురు చెలికత్తె ఇక్కడ సత్యభామ దగ్గరికి మోసుకొచ్చింది. అలకంతా విన్నమాట మీద పుట్టింది. 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా జమున, రుక్మిణిగా అంజలీదేవి ఒకే తక్కెడ దగ్గరికి రావాలి, తులసిదళంతో ఒకరు గెలవాలి. తక్కెడ పెట్టాక ఒక తట్ట దిగక తప్పదు మరి.

బ్రాడీపేట: ఇంగ్లీషు సీరియల్‌వాళ్లు దీన్ని తిరగేశారు. ‘ఫైర్ అండ్ బ్లడ్’ (2018) పుస్తకంలో ఆలిసెంట్ రెనీరాకి సవతి తల్లి, తొమ్మిదేళ్లు పెద్ద. 2022లో ‘హౌస్ ఆఫ్ ద డ్రాగన్’ సీరియల్ చేసినప్పుడు ఇద్దరినీ ఒక ఈడువాళ్లని చేసి, చిన్ననాటి స్నేహం కల్పించారు. పగకు ముందు చెలిమి ఉంటే ఇద్దరి మీదా జాలి కలుగుతుంది.

లబ్బీపేట: సవతి అన్నారు కాబట్టి చెప్తున్నా. సపత్నీ నుంచి సవతి. శత్రువు అనే అర్థమున్న ‘సపత్న’ శబ్దం కూడా ఆ సపత్నీ నుంచి పుట్టిందే. గీత రెండో అధ్యాయంలో “అసపత్నమృద్ధం రాజ్యం” అన్నప్పుడు అర్జునుడి రాజ్యానికి లేనిది సవతే!

గవర్నరుపేట: సత్యభామ అంటే, రంగస్థలం మీద ఆ వేషానికి పేరుపడ్డ బాపట్ల నటుడు స్థానం నరసింహారావు గారిని వదిలేశారే. ఆయన పాట “మీరజాలగలడా”లో చాలు అన్నా సామర్థ్యమే, కలడు అన్నా సామర్థ్యమే. రెండెందుకు?

అరండల్‌పేట: ఒక్క ‘చాలు’తో ఆవిడ అధికారం చాలక. మా గుంటూరు జిల్లా సత్యభామకి వ్యాకరణం నేర్పకండి.

గవర్నరుపేట: బాపట్ల ఇప్పుడు వేరే జిల్లా మాష్టారూ.

కృష్ణలంక: యతి పండితులకి ఒక ప్రశ్న. నాలుగో పాదం: “ననియెద నల్క మానవు గదా యికనైన నరాళ కుంతలా”. మొదటిది “న”, పదకొండోది “దా”. ఇదెలా చెల్లింది?

లబ్బీపేట: స్వరయతి, అంటే హల్లులు కాక అచ్చులు కుదిరే యతి. నేను + అనియెద, అక్కడ అ. గదాలో చివర ఆ. అ-ఆ.

కృష్ణలంక: ఆ “ఆ” ఎక్కడిది? కాదు + ఆ అంటే “కాదా” కావాలి. “కదా”లో హ్రస్వం ఎలా వచ్చింది?

లబ్బీపేట: కద + ఆ అనుకోండి.

కృష్ణలంక: అనుకుంటే యతి చెల్లుతుందా?

బ్రాడీపేట: ఇంతకీ “తాచిన” అని రాసేయనా?

అరండల్‌పేట: రాయండి. అరసున్న ఉందో లేదో తేల్చుకున్నాక.