అత్తమామలతో దుబాయ్: బుర్జ్ ఖలీఫా ఎక్కాల్సిందేనా?

బెజవాడ కోడలు:
డిసెంబరులో అత్తయ్యగారిని, మావయ్యగారిని తీసుకుని దుబాయ్ వెళ్తున్నాం. మావయ్యగారికి మోకాళ్ళ నొప్పి, ఎక్కువ నడవలేరు. బుర్జ్ ఖలీఫాకి సాయంత్రం టికెట్లు మండిపోతున్నాయి. ఎక్కకపోతే వెళ్ళినట్టు కాదా? అన్నట్టు, అత్తయ్యగారు మసాలా పొడి, గసగసాలు మూట కట్టేశారు. పర్లేదా?

బర్ దుబాయ్ బాబాయ్:
అమ్మా, ముందు ఆ గసగసాలు పెట్టెలోంచి తీయించు. ఇక్కడ నిషిద్ధం, మత్తుమందుల లెక్కలోకి వస్తాయి. పొడిలో కలిపినా వద్దు. మావయ్యగారి మాత్రల్లో ట్రమడాల్, కొడీన్ లాంటి నొప్పి మందులు ఉంటే ముందే అనుమతి తీసుకోవాలి.

828 మీటర్ల బిల్డింగు కింద నుంచి చూసినా మెడ పట్టేస్తుంది. ఎక్కాలనుంటే పొద్దున్నే వెళ్ళండి, చవక. నన్నడిగితే క్రీక్ దగ్గర, అదే ఊరి మధ్య సముద్రపు పాయ దగ్గర, అబ్రా ఎక్కించు. ఒక్క దిర్హామ్. చెక్క పడవ, నడిమి బల్ల మీద వీపులు ఆనించుకుని నీళ్ళకేసి కూర్చుంటారు. డీజిల్ వాసన, పైన సీగల్ పక్షులు. అవతలి ఒడ్డున డేరా పేట, అక్కడే గోల్డ్ సూక్, అంటే బంగారం బజారు. అత్తయ్యగారిని ఇక వెనక్కి తేవడం మీ తిప్పలు! పడవ ఊగుతుంది, మావయ్యగారి చెయ్యి పట్టుకో.

కరీంనగర్ తమ్ముడు:
అక్కా, బుర్జ్ ఖలీఫా ఎక్కాలంటే దుబాయ్ మాల్‌ల నుంచే పోవాలె. ఆ మాల్‌కి మెట్రోల పోవద్దు. స్టేషన్ నుంచి లోపలికి మస్తు నడవాలె, ఏసీ ఉన్నా మోకాళ్ళు ఊకోవు. ట్యాక్సీల దిగుండ్రి. మెట్రో ఎక్కితే లోపల ఏం తినొద్దు, ఫైన్ ఏస్తరు.

బెజవాడ కోడలు:
గసగసాలు తీసేశాం బాబాయ్ గారూ. "అదేం ఊరే" అంటున్నారు అత్తయ్యగారు. జంతికలకి అడ్డు లేదుగా?

బర్ దుబాయ్ బాబాయ్:
లేదమ్మా. రెండు డబ్బాలు తెండి, ఒకటి నాకు.