సమస్య: సూర్యుఁ డుదయింపఁ జుక్కలు సొంపు మీఱె

నిర్వాహకుడు: సంక్రాంతి ముగ్గులకు నెలగంట పెట్టారు కదా, ఈ వారం పద్యం ఈ పాదంతో ముగించండి. ఆకాశంలో చుక్కలు పట్టుకొచ్చేరు, వాకిట్లో చుక్కలే కావాలి.

రెల్లుపూలు:
వేకువనె లేచి వాకిట వెలఁది చల్లు
పేడకళ్లాపి తడియాఱఁ బిండి రాల్చి
చుక్క చుక్కను గీఁతతో సూటిఁ గలుప
సూర్యుఁ డుదయింపఁ జుక్కలు సొంపు మీఱె.

నల్లేరు: ధార బాగుంది రెల్లుపూలు గారూ, ముగ్గే చెడింది. తడి ఆరిన నేల పిండిని పట్టదు, గాలికి లేచిపోతుంది. నీళ్లు నిలిచి ఉండగా వేస్తే గీత పాకి లావెక్కుతుంది. నీరు ఇంకి, పేడ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే వేయాలి. ‘కళ్లాపి నీరింకఁ’ అనండి, గణమూ చెడదు. అసలు తప్పు మూడో పాదంలో. చుక్కను చుక్కతో సూటిగా కలిపితే చుక్కలన్నీ గీత కిందికి పోతాయి. ఇక సొంపు మీరడానికి మిగిలిందేది?

రెల్లుపూలు: ‘నీరింకఁ’ పుచ్చుకున్నాను. రెండోదానికి మీ పూరణే చూపించండి.

నల్లేరు:
ఏడు మధ్యను, నాల్గింట నిరుదెసలను
ఆఁగు సందుచుక్కల ముగ్గునందు మెలిక
చుట్టి చుట్టియు ముట్టదు చుక్కనైన;
సూర్యుఁ డుదయింపఁ జుక్కలు సొంపు మీఱె.

నిర్వాహకుడు: ‘చుట్టి చుట్టియు ముట్టదు’ దగ్గర ఆగి మళ్లీ చదివాను. నడుమ 7, అటూ ఇటూ 6, 5, 4. మొత్తం 37 చుక్కల్లో ఒక్కటీ గీత కింద పడలేదు. కానీ ‘ఇరుదెసలను / ఆఁగు’ విసంధి, సంధి జరగాల్సిన చోట విడిచారు. ‘నిరువయిపుల / నాఁగు’ అంటే సరి, యతి కూడా నిలుస్తుంది.

రెల్లుపూలు: ఊళ్లో వాళ్ల చుక్కలు లెక్కపెట్టేవారు సంధి మరిచారన్నమాట! పోయిన సంక్రాంతి పూరణలో రాతిపిండి ముగ్గుకు చీమల్ని విందుకు పిలిచిందీ ఈ నల్లేరు గారే. చీమలొచ్చేది బియ్యప్పిండికండీ.

నల్లేరు: అందులో బియ్యప్పిండీ కలిసిందని అప్పుడే చెప్పాను.

తుమ్మెద: వివరణలో చెప్పారు, పద్యంలో లేదు. కలపడం మాత్రం మంచి పనే. ఉత్త బియ్యప్పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండకట్టి గుత్తులుగా పడుతుంది. రాతిపిండి తోడైతేనే సన్నగీత జారుతుంది. చెయ్యి తడిగా ఉంటే ఏదీ జారదనుకోండి.

నిర్వాహకుడు: చీమల తగువు ఆ పాత పూరణ కిందే తేల్చుకోండి. కనుమ రథం ముగ్గు ఇంకా ఎవరూ ఎత్తుకోలేదు.

రెల్లుపూలు: నేను ఎత్తుకుంటాను. రథం తాడు నల్లేరు గారి వాకిట్లోకే లాగుతాను, సంధి చూసుకుని అందుకోమనండి.