కూలింగ్ టవర్లను కూల్చాలా, ఉంచాలా?

బాయిలర్_బాబు
2024 సెప్టెంబర్ 30న రాట్‌క్లిఫ్-ఆన్-సోర్ మూతపడింది. బ్రిటన్‌లో ఆఖరి బొగ్గు కరెంటు స్టేషన్ అది. 1882లో లండన్ హోబర్న్ వయాడక్ట్ దగ్గర మొదలైన కథ 142 ఏళ్లకు ముగిసింది. బొగ్గు మళ్లీ కాల్చమని నేను అనడం లేదు. అక్కడున్న ఎనిమిది కూలింగ్ టవర్లలో రెండైనా ఉంచలేరా అన్నదే నా ప్రశ్న. డిడ్‌కాట్ స్టేషన్‌వి పోయాయి. 2019 డిసెంబర్‌లో ఐరన్‌బ్రిడ్జి స్టేషన్‌వీ పోయాయి. చుట్టూ ఉన్న నేల రంగులో కలిసిపోవాలని వాటి కాంక్రీటులోనే ఎర్ర రంగు కలిపి కట్టారు. అంత ముచ్చటపడి కట్టినవి, కొన్ని సెకన్లలో నేలమట్టం. అదే లండన్ కింగ్స్ క్రాస్‌లో గ్యాస్‌హోల్డర్ల (పాతకాలం గ్యాస్ నిల్వ ట్యాంకుల) ఇనుప చట్రాలను ముక్కలుగా విప్పి, బాగుచేసి, మళ్లీ నిలబెట్టారు. దానికో న్యాయం, దీనికో న్యాయమా?

నీలిమట్టి
పొగ గొట్టాల మీద ఇంత ప్రేమేమిటి బాబు గారూ? వాటి నీడన బతికినవాళ్లను అడిగి చూడండి.

సూటిగా_సుబ్బు
కూలింగ్ టవర్ పొగ గొట్టం కాదు. అందులోంచి వచ్చేది నీటి ఆవిరి. టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌లో వేడెక్కిన నీళ్లను టవర్ లోపల జల్లులా పోస్తారు, కింది నుంచి గాలి పైకి లాగుతుంది, కొంత ఆవిరవుతుంది, మిగతా నీళ్లు చల్లబడి వెనక్కి వెళ్తాయి. పొగ వచ్చేది పక్కనుండే చిమ్నీ నుంచి.

నీలిమట్టి
ఆవిరో పొగో, కింద బొగ్గు మండితేనే కదా పైన వచ్చేది!

సూటిగా_సుబ్బు
అక్కర్లేదు. అణు విద్యుత్ కేంద్రం కాల్డర్ హాల్‌లోనూ నాలుగు కూలింగ్ టవర్లు ఉండేవి. 2007లో కూల్చేశారు.

లండన్_లక్ష్మి
లండన్‌లో పాత బొగ్గు కరెంటు స్టేషన్ బ్యాటర్‌సీ ఉందిగా. 1983లో కరెంటు ఆగింది, 2022లో షాపులతో తెరుచుకుంది. నాలుగు చిమ్నీలూ అసలువి కావు, తీసేసి అదే ఆకారంలో కొత్తగా పోసినవి. దాన్ని కాపాడటం అంటారో లేదో మీ ఇష్టం.

నీలిమట్టి
కింగ్స్ క్రాస్ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. గ్యాస్‌హోల్డర్ అంటే నీళ్ల గుంటలో బోర్లించిన ఇనుప గంగాళం. గ్యాస్ నింపితే లేస్తుంది, ఊళ్లో వాడకం పెరిగితే దిగుతుంది. గంగాళం పక్కకు ఒరిగిపోకుండా చుట్టూ చట్రం. ఇప్పుడు అందరూ ఫొటోలు తీసుకునేది ఆ చట్రాన్నే. మూడు చట్రాల మధ్య ఫ్లాట్లు కట్టారు, నాలుగో దాని లోపల పార్కు వేశారు. బాగుంది.

మాది వేరే ఊళ్లో, పాత గ్యాస్‌వర్క్స్ (బొగ్గు నుంచి గ్యాస్ తీసే ఫ్యాక్టరీ) స్థలంలో కట్టిన ఇల్లు. కొన్న ఏడాది వేసవిలో పెరట్లో టొమాటో నారు పెడదామని తవ్వాను. రెండడుగులు దిగేసరికి మట్టి నీలంగా వచ్చింది. నీలిమందు పోసినంత నీలం. పైగా కలరా ఉండల వాసన. తర్వాత తెలిసింది, బొగ్గు గ్యాస్‌ను శుభ్రం చెయ్యడానికి వాడిన ఐరన్ ఆక్సైడ్‌కి సైనైడ్ పట్టి అలా నీలంగా మారుతుందట. ఆ వాసన తారుది. ఇల్లు కట్టినవాళ్లు ‘క్లీన్ చేసే ఇచ్చాం’ అన్నారు. ఆఫీసువాళ్లు ‘పెరట్లో పండింది తినకండి’ అన్నారు. మూడేళ్లు ఉత్తరాలు రాశాను. 1967–77 మధ్య దేశమంతా ఉత్తర సముద్రపు గ్యాస్‌కి మారింది, వర్క్స్ మూతపడ్డాయి. మట్టిని మాత్రం మాకు వదిలేశారు.

బాయిలర్_బాబు
మీ పెరటి మట్టికీ టవర్లకీ సంబంధమేంటండీ?

నీలిమట్టి
డబ్బు. పైన కనపడేదానికి రంగులు వెయ్యడానికి ఎక్కడినుంచో వస్తుంది. కింద ఉన్నదాన్ని తియ్యడానికి రాదు. పైగా మీ టవర్లు ఎన్నాళ్లు నిలబడతాయి? 1965లో ఫెర్రీబ్రిడ్జి స్టేషన్‌లో మూడు గాలికే కూలిపోయాయిగా.

సూటిగా_సుబ్బు
అది గాలి లెక్క తప్పడం వల్ల. టవర్లను దగ్గర దగ్గరగా కట్టినప్పుడు ముందువాటి మధ్య నుంచి దూసుకొచ్చే గాలి వెనకవాటిని ఎలా కొడుతుందో సరిగ్గా అంచనా వెయ్యలేదు. తర్వాత డిజైన్లు మార్చారు. గోడ చాలా ఎత్తు వరకూ జానెడు మందం కూడా ఉండదు, అదీ నిజమే. గుడ్డు పెంకులా ఆకారమే దానికి బలం.

పల్లెటూరి_పిల్లోడు
గుడ్డు పెంకు కింద నిలబడమంటున్నారా సుబ్బన్నా 😀

బాయిలర్_బాబు
నవ్వండి. అందరికీ నవ్వులాటే. నీలిమట్టి గారూ, మీ ఇంట్లో ఇన్నేళ్లు లైటు వెలిగింది ఎవరి వల్ల? రాత్రి షిఫ్టుల్లో మేం మేలుకుంటేనే కదా!

నీలిమట్టి
నేను ఊరికే వెలిగించుకోలేదు, బిల్లు కట్టాను. మేలుకున్నందుకు మీరూ జీతం తీసుకున్నారు. దానికి గుడి కట్టాలా?

మోడరేటర్
వ్యక్తిగతంగా వద్దు. ఇద్దరికీ చెప్తున్నాను.

లండన్_లక్ష్మి
కూల్చడం తేలికనుకోవద్దు. 2016లో డిడ్‌కాట్‌లో కూల్చివేత పనులు జరుగుతుండగా బాయిలర్ హౌస్ కూలి నలుగురు కార్మికులు పోయారు.

బాయిలర్_బాబు
గుడి అన్నారు కాబట్టి రాస్తున్నా. మిడ్‌లాండ్స్‌లో ఒక స్టేషన్‌లో పంతొమ్మిదేళ్లు కంట్రోల్ రూమ్‌లో చేశాను, పేరు అనవసరం. మూసేసిన కొన్నేళ్లకు ఒక ఆదివారం పొద్దున టవర్లు పేల్చారు. ఎదురుగా పొలంలో వందల మంది, కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కుల్లో టీ తెచ్చుకుని. కౌంట్‌డౌన్ చెప్పారు. టవర్ నడుం దగ్గర మెలిక తిరిగి, గుడ్డ జారినట్టు కూర్చుండిపోయింది. శబ్దం మాకు తర్వాత వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. పక్కన మావాడూ కొట్టాడు, పన్నెండేళ్లు వాడికి. వాణ్ని ఏమనాలి? నాన్న అక్కడ ఏం చేశాడో వాడికి చూపించడానికి నా దగ్గర ఐడీ కార్డు తప్ప ఏమీ లేదు.

నీలిమట్టి
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే నేను అలా మాట్లాడేదాన్ని కాదు. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది. మీకు చూపించడానికి ఏదో ఒకటి మిగలాలి. నాకేమో ఎవరూ చూడనిది కింద మిగిలిపోయింది. టవర్ ఉంచితే ఉంచండి. కింద బూడిద ఎక్కడ పోశారో, ఎంత పోశారో కూడా అక్కడే బోర్డు మీద రాయాలి. ఒప్పుకుంటారా?

బాయిలర్_బాబు
బూడిద చెరువులు ఎక్కడున్నాయో నాకు తెలుసు. రాయమంటే నేనే రాస్తాను. టవర్ మాత్రం ఒకటి కాదు, రెండు.

నీలిమట్టి
ఒకటి.

పల్లెటూరి_పిల్లోడు
బేరం మొదలైంది. అక్కా, టొమాటోలు ఏమయ్యాయి మరి?

నీలిమట్టి
కుండీల్లో. కొన్న మట్టితో.

సూటిగా_సుబ్బు
ఒక సవరణ. నీటి ఆవిరి కంటికి కనపడదు. టవర్ పైన తెల్లగా కనపడేది ఆవిరి చల్లబడి ఏర్పడిన నీటి తుంపర. పైన నేను రాసినదీ తప్పే.