అప్‌డేట్: బీరువాలో దొరికిన ఆ ముక్క డిస్ట్రిబ్యూటర్ రోటార్

నాన్నగారి బీరువాలో అంబాసిడర్ కారు తాళాల పక్కన దొరికిన, బొటనవేలంత నల్లటి బేకలైట్ ముక్క ఏమిటని గత వారం అడిగాను. చదరంగంలో తప్పిపోయిన బంటు అన్నవారినీ, బొంగరానికి తొడిగే టోపీ అన్నవారినీ తలచుకుని మా ఇంటిల్లిపాదీ ఇంకా నవ్వుతూనే ఉన్నాం. సరైన సమాధానం మాత్రం డిస్ట్రిబ్యూటర్ రోటార్, అంటే ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ అనే డబ్బాలో తిరిగే ముక్క.

నిన్న మెకానిక్ గారు డిస్ట్రిబ్యూటర్ మూత విప్పితే లోపలి ఇరుసు బోసిగా కనిపించింది. ముక్కను గాడి చూసి నొక్కగానే టక్కున ఒదిగిపోయింది. కాయిల్ (బ్యాటరీ వోల్టేజిని పెంచే తీగచుట్ట) నుంచి వచ్చే అధిక వోల్టేజిని నడినెత్తిన ఉన్న ఇత్తడి రేకుతో అందుకుని, క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) రెండు చుట్లు తిరిగేలోగా తాను ఒక్క చుట్టు తిరుగుతూ, 1-3-4-2 వరుసలో నాలుగు స్పార్క్ ప్లగ్గులకూ పంచిపెట్టడమే దాని పని. అది లేనిదే ఆ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఎంత తిప్పినా అంటుకోదు. దొంగల భయమున్న చోట దాన్ని ఊడదీసి జేబులో వేసుకుని వెళ్లేవారని మీలో ఒకరు రాశాకే, అది తాళాల పక్కన ఎందుకుందో నాకు అర్థమైంది.

ట్యాంకు కడిగించి, కొత్త బ్యాటరీ పెట్టించాక, నాన్నగారు పోయిన ఆరేళ్లకు, మూడో ప్రయత్నంలో బండి పలికింది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.