సైకిల్ సీటు పిల్లర్ పట్టేసింది: టార్చ్ పెట్టాలా, వద్దా?

చైన్‌కవర్: పాత స్టీలు ఫ్రేము, అందులోకి దిగే 27.2 మి.మీ. సీటు కడ్డీ, అదే పిల్లర్, ఇరుక్కుపోయింది. క్లాంపు బోల్టు తీసేసి పైనుంచి డబ్ల్యూడీ-40 నూనె స్ప్రే కొడుతూనే ఉన్నా, కదలట్లేదు. షాపులో గ్యాస్ టార్చ్ పెడదామంటున్నారు. పెట్టనివ్వమంటారా?

మూడోగేరు: ముందు పిల్లరుకు అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే స్టీలు, లేకుంటే అల్యూమినియం. అది తేలకుండా టార్చ్ గురించి వాదన దండగ. ఇంకోటి, పైనుంచి కొట్టిన నూనె క్లాంపు దగ్గరే ఆగిపోతుంది. బాటం బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు) విప్పి, ఫ్రేము తలకిందులు చేసి అటునుంచి పోయండి.

వెల్డర్‌బాబాయ్: స్టీల్లో స్టీలైతే టార్చే మందు. నూనె పూర్తిగా తుడిచాకే మంట పెట్టాలి, లేదంటే అంటుకుంటుంది. లగ్గు (ఫ్రేము గొట్టాలు అతికే తొడుగు) చుట్టూ మంట తిప్పుతూ వేడిచేస్తే బయటి గొట్టం ముందు సాగుతుంది, అప్పుడే పిల్లరును తిప్పాలి. పెయింటు ఎలాగూ పోతుంది. లగ్గు ఎర్రబడిందా, అతుకు కూడా పోతుంది.

మూడోగేరు: అల్యూమినియమైతే అదే టార్చ్ కొంప ముంచుతుంది బాబాయ్. అది వేడికి స్టీలుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. 100 డిగ్రీలు పెరిగితే ఈ పిల్లరు గొట్టంకన్నా 0.03 మి.మీ. ఎక్కువ ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. పిల్లరును ఐసుతో చల్లబరచాలి, ఫ్రేమును కాదు.

వెల్డర్‌బాబాయ్: సగమే చెప్పావు. ఆ ఉబ్బుకే పిల్లరుకూ గొట్టానికీ మధ్యలోని తెల్ల ఆక్సైడు, అంటే అల్యూమినియం తుప్పు, నలుగుతుంది. చల్లారాక నూనెకు దారి దొరుకుతుంది. వేడిమీద తిప్పితేనే తప్పు.

చైన్‌కవర్: అయస్కాంతం అంటుకోలేదండీ. కాస్టిక్ సోడా పోస్తే?

రంపంపొట్టు: సోడాకి ముందు వైస్ ఉంది కదా! పిల్లర్ తలను గట్టి బెంచ్ వైస్‌లో బిగించి ఫ్రేమునే మీటలా పట్టుకుని అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పండి. ఒకేవైపు బలం పెడితే సీటు ట్యూబు (పిల్లరు దిగే ఫ్రేము గొట్టం) మెలిపడుతుంది.

మూడోగేరు: సోడా అల్యూమినియాన్ని కరిగిస్తుంది, స్టీలును తినదు. కానీ హైడ్రోజన్ వస్తుంది, కాబట్టి ఆరుబయటే, దగ్గర్లో నిప్పు లేకుండా చేయాలి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పవు. నీళ్లలో సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. సీసా హోల్డరు బోల్టు రంధ్రాలు మూయకపోతే కారి పెయింటు లేచిపోతుంది.

రంపంపొట్టు: అంత తంటా ఎందుకు? వైస్‌కి లొంగకపోతే పైన 25 మి.మీ. వదిలి పిల్లర్ కోసేయండి. హాక్సా బ్లేడు ఒక కొసకు గుడ్డ చుట్టి లోపలికి దింపి, అడుగుదాకా నిలువునా రెండు గాట్లు పెట్టి, ఆ చీలికను లోపలికి మడిచి లాగండి. చేతికి స్టీలు గరగర తగలగానే ఆపాలి, ఫ్రేముకు గాటు పడితే అక్కడే పగులు మొదలవుతుంది. పిల్లర్ లోపల 150 మి.మీ. దిగి ఉంటే మాత్రం సాయంత్రమంతా అదే పని.

మూడోగేరు: బ్లేడుకు ఒప్పుకుంటా, ఫ్రేము పెయింటు కాపాడాలంటే అదే మేలు. కొత్తది దించేముందు ట్యూబు లోపల ఎమరీ కాగితంతో రుద్ది, గ్రీజు దట్టంగా పూయండి.