సూపర్ కబ్‌కు టో హుక్: పాత గ్లైడర్ హుక్ పనికొస్తుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా క్లబ్బులో 150 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్న పైపర్ సూపర్ కబ్ ఒకటి ఉంది. ఇన్నాళ్లూ శిక్షణకే వాడాం. ఇప్పుడు దానితో గ్లైడర్లను, అంటే ఇంజిన్ లేని విమానాలను, తాడు కట్టి గాల్లోకి లాగాలనుకుంటున్నాం. మా గ్లైడర్లలో బరువైనది రెండు సీట్ల ఏఎస్‌కే 21, గరిష్ఠ బరువు 600 కిలోలు.

ఎప్పుడో ఒక గ్లైడర్ నుంచి విప్పిన టోస్ట్ కంపెనీ హుక్ (తాడు రింగును పట్టుకుని, కావాల్సినప్పుడు వదిలే కొక్కెం) మా స్టోర్‌లో ఉంది. చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది. ఒక బ్రాకెట్ చేయించి దాన్ని తోక చక్రం దగ్గర బిగించేయవచ్చా? వీక్ లింక్ (లాగుడు మించితే ముందుగా తెగిపోయే లింకు) ఏ రంగుది పెట్టాలన్నది కూడా చెప్పండి. ఇంతకుముందు ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎక్కడ జాగ్రత్త పడాలో వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

హ్యాంగర్ మెకానిక్

ముందు ఆ పాత హుక్ సంగతి చూద్దామండి. గ్లైడర్‌లో అది ముక్కు దగ్గర ఉండేదా, పొట్ట కింద ఉండేదా? పొట్ట కింది హుక్ విన్చ్ లాంచ్ (నేలమీది యంత్రం తాడు చుడుతూ గ్లైడర్‌ను పైకి లాగడం) కోసం చేసిన రకం. దాని నోటి దగ్గర కదిలే కేజ్ ఒకటి ఉంటుంది. తాడు వెనక్కి వాలిందంటే, పైలట్ ఏమీ లాగకపోయినా ఆ కేజ్ తిరిగి రింగును వదిలేస్తుంది. గ్లైడర్ విన్చ్‌ను దాటిపోయినప్పుడు ప్రాణం కాపాడేది అదే. అదే హుక్‌ను టగ్ (గ్లైడర్‌ను లాగే విమానం) తోకకు పెడితే, గ్లైడర్ కాస్త అటూ ఇటూ జరిగినప్పుడు ఎవరూ అడగకుండానే వదిలేసే ప్రమాదం ఉంది. చెట్ల ఎత్తులో అలా జరిగితే గ్లైడర్ పైలట్ దిగడానికి చోటు వెతుక్కోవాలి. ముక్కు హుక్‌కు కేజ్ ఉండదు. అయినా దాని పుట్టుపూర్వోత్తరాల రికార్డు లేకపోతే దాన్నీ వాడకండి. ఎన్నిసార్లు తెరుచుకుందన్న లెక్కను బట్టి ఈ హుక్‌లను ఓవర్‌హాల్‌కు పంపాలి. ఆ లెక్క మీ దగ్గర లేదు కదా.

సొంత బ్రాకెట్ ఆలోచన కూడా మానేయండి. టైప్ సర్టిఫికెట్ (డిజైన్‌కు అధికారిక ఆమోదం) ఉన్న విమానానికి ఇది మామూలు మరమ్మతు కాదు, మార్పు కిందికి వస్తుంది. సూపర్ కబ్‌లతో చాలా ఏళ్లుగా గ్లైడర్లను లాగుతున్నారు కాబట్టి, ఆ మోడల్‌కు ఆమోదం పొందిన కిట్ కోసం వెతకండి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ప్రచురించిన ఏసీ 43.13-2బీ అనే మార్గదర్శక పత్రంలో 8వ అధ్యాయం మొత్తం గ్లైడర్, బ్యానర్ టో హుక్‌ల బిగింపు గురించే. మీ నిబంధనలు వేరైనా సరే, ఒకసారి చదవండి. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఏం చూస్తారో అర్థమవుతుంది. హుక్ బరువు కొంచెమే అయినా అది తోక చివర పడుతుంది, కాబట్టి వెయిట్ అండ్ బ్యాలెన్స్ మళ్లీ లెక్కగట్టాలి.

ఇక ఇదంతా రాయడానికి అసలు కారణం రిలీజ్ కేబుల్, అంటే పైలట్ హ్యాండిల్‌ను హుక్‌కు కలిపే తీగ.

నేను మొదటిసారి ఒక తోకచక్రం విమానానికి కిట్ బిగించినప్పుడు, హ్యాండిల్ లాగగానే హుక్ టక్కున తెరుచుకుంది. ఇరవై సార్లు లాగితే ఇరవై సార్లూ తెరుచుకుంది. పని అయిపోయిందనుకుని సామాను సర్దుతుంటే మా సీనియర్ వచ్చి, "ఖాళీ హుక్‌ను లాగితే ఏం తెలుస్తుంది? బరువు వేసి లాగు" అన్నారు. చక్రాలకు అడ్డాలు పెట్టి, విమానాన్ని ముందుకూ వెనక్కూ కదలకుండా కట్టేశాం. తాడుకు చైన్ బ్లాక్ తగిలించి, మధ్యలో వేలాడే త్రాసు పెట్టాం. నేరుగా వెనక్కి లాగితే చక్కగా వదిలింది. తర్వాత తాడును 40 డిగ్రీల దాకా పైకి ఎత్తి లాగబోతే, హుక్ మాట దేవుడెరుగు, ముందు తోకే లేచిపోయింది! తోకకు ఇసుక బస్తాలు కట్టి మళ్లీ లాగాం. ఈసారి నేను రెండు చేతులతో లాగితే హ్యాండిల్ చివరిదాకా వచ్చింది. హుక్ మాత్రం తెరుచుకోలేదు.

వెతికితే తేలిందేమిటంటే, కేబుల్ పై తొడుగు తోక దగ్గరి క్లిప్పుల్లో జారుతోంది. లోపలి తీగ హుక్‌ను లాగాల్సింది పోయి, తొడుగే ముందుకు జరుగుతోంది. బరువు లేనప్పుడు ఈ తేడా కనపడదు. పైగా చివరి వంపు మరీ ఇరుకుగా ఉంది. వంపును వెడల్పు చేసి, తొడుగును రెండు కొసల్లోనూ కదలకుండా బిగించాక, అదే బరువు మీద ఒంటిచేత్తో వదిలింది.

ఆ రోజు తోక లేచిన తీరు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. గ్లైడర్ టగ్ కంటే బాగా పైకి వెళ్లిపోతే గాల్లో జరిగేదీ ఇదే. తోక లేచి ముక్కు నేల వైపు తిరుగుతుంది. స్టిక్ పూర్తిగా వెనక్కి లాగినా, ముక్కును పైకెత్తే ఎలివేటర్ సరిపోదు. టగ్ పైలట్‌కు మిగిలేది కొద్ది సెకన్లు, ఆ హ్యాండిల్ మాత్రమే. మీ కిట్‌లో ష్వైజర్ రకం హుక్ ఉంటే ఈ పైకోణం పరీక్ష ఇంకా ముఖ్యం. రింగు పైకి లాగినప్పుడు లాక్ భాగం మీద ఒత్తిడి పడి రిలీజ్ బిగుసుకుపోతుంది. అందుకే కొన్నిచోట్ల దాన్ని తలకిందులుగా బిగిస్తారు. ఎంత బరువు వేసి పరీక్షించాలన్నది మాత్రం కిట్ కాగితాల్లో ఉన్న అంకె ప్రకారమే చేయండి.

టగ్ పైలట్

మెకానిక్ గారు చెప్పినదానికి సీటులోంచి ఒక మాట. హ్యాండిల్ ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. ముక్కు ఒక్కసారిగా కిందికి పోతే ఒళ్లు బెల్టుల్లోకి లేస్తుంది, నేల దగ్గరున్న హ్యాండిల్ చేతికి అందదు. బెల్టులు వదులుగా పెట్టుకుని ఒకసారి, బిగించుకుని ఒకసారి, కళ్లు మూసుకుని అందుకోండి. ట్రిమ్, ఫ్లాప్ లివర్లకు దీనికి ఆకారంలోనే తేడా తెలియాలి. అద్దం కూడా కావాలి, గ్లైడర్ ఎక్కడుందో కనపడకపోతే నిర్ణయం ఆలస్యమవుతుంది.

150 హార్స్‌పవర్‌తో ఏఎస్‌కే 21ను లాగొచ్చు కానీ, ఎండ రోజున ఎక్కడం నెమ్మదిగా ఉంటుంది. ఫుల్ పవర్, తక్కువ వేగం, కాబట్టి ఇంజిన్‌కు గాలి తక్కువ. సిలిండర్ హెడ్ టెంపరేచర్ గేజ్ లేకపోతే హుక్‌తోపాటే పెట్టించండి. గ్లైడర్ వదిలాక థ్రాటిల్ ఒకేసారి మూసేయకండి.

గ్లైడర్ ఇన్‌స్ట్రక్టర్

వీక్ లింక్ గురించి. గ్లైడర్ వైపు ఏది వాడాలో ఆ గ్లైడర్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, ముందు అది చూడండి. లెక్క ఎలా ఉంటుందో తెలియడానికి అమెరికా నిబంధన చెబుతాను. తాడు బలం గ్లైడర్ గరిష్ఠ బరువుకు రెట్టింపు దాటితే రెండు కొసల్లోనూ లింకులు పెట్టాలి. గ్లైడర్ వైపు లింకు ఆ బరువులో 80 నుంచి 200 శాతం మధ్య తెగాలి. టగ్ వైపుది దానికంటే బలంగా ఉండాలి కానీ ఆ తేడా 25 శాతం మించకూడదు. 600 కిలోలకు 80 శాతమంటే 480. టోస్ట్ లింకుల్లో తెల్లది 500 డెకాన్యూటన్లు, అంటే దాదాపు 510 కిలోల బలం. నీలంది 600 డెకాన్యూటన్లు. గ్లైడర్ వైపు తెలుపు, టగ్ వైపు నీలం పెడితే తేడా 20 శాతం, లెక్క సరిపోతుంది. తేలికైన ఒంటి సీటు గ్లైడర్‌కు ఇదే తాడు తగిలించే ముందు మళ్లీ లెక్కేసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే స్టోర్‌కు వెళ్లి చూశాను. హుక్ నోటి దగ్గర కదిలే కేజ్ ఉంది, వేలితో నొక్కితే తిరుగుతోంది. "విమానానికి వాడరాదు" అని చీటీ కట్టి పెట్టెలో పెట్టేశాను. కిట్ కోసం వెతుకుతున్నాం. మెకానిక్ గారూ, ఆ పరీక్షలో ఇసుక బస్తాలు తోకమీద ఎక్కడ కట్టారు? స్టెబిలైజర్ (తోక దగ్గరి అడ్డరెక్క) మీద వేస్తే దెబ్బతింటుందేమో అని అనుమానం.

హ్యాంగర్ మెకానిక్

స్టెబిలైజర్ మీద అస్సలు వద్దండి, గుడ్డ కిందున్న ట్యూబులు వంగుతాయి. తోక చక్రం స్ప్రింగ్ ఫ్రేముకు కలిసే చోట వెడల్పాటి పట్టీ చుట్టి, బస్తాలను దానికి కింద వేలాడదీశాం. పట్టీ రిలీజ్ కేబుల్‌ను నొక్కకుండా చూసుకోండి, లేకపోతే పరీక్ష ఫలితమే తప్పు వస్తుంది.