షెల్టర్ కోసం స్కైడైవ్ చేద్దామనుకుంటున్నా, ఆపుతారా తోస్తారా?

వంకరతోక
అందరికీ హాయ్. రెండేళ్ల క్రితం మా పిల్లిని ఒక షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం, వదిలేసిన కుక్కల్నీ పిల్లుల్నీ చేరదీస్తుంటారు వాళ్లు. ఇప్పుడు ఫండ్స్ కోసం స్పాన్సర్డ్ చాలెంజ్‌లు పెట్టారు, స్కైడైవ్, హాఫ్ మారథాన్, నెలలో వంద కిలోమీటర్లు నడక. మనం ఏదో ఒకటి ఎంచుకుని తెలిసినవాళ్లని అడిగి డబ్బులు తేవాలి. నా మనసు స్కైడైవ్ మీదకే పోతోంది, ఎందుకంటే నడుస్తున్నా డబ్బులివ్వండి అంటే ఎవడిస్తాడు, విమానంలోంచి దూకుతున్నా అంటే కనీసం తలెత్తి చూస్తారు కదా. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి, అది మళ్లీ వెనక్కి ఇవ్వరు, ఆ పైన కనీసం ఇంత వసూలు చేస్తానని ఒప్పుకోవాలి, అది తెచ్చేస్తే దూకడం ఫ్రీ అని రాశారు. ఈ ఫ్రీ అన్న మాట దగ్గరే మా అక్క పట్టుకుంది, "ఫ్రీ ఏంట్రా, పైలట్ ఏమన్నా మన మేనమామా ఊరికే తీసుకెళ్లడానికి" అని. అప్పట్నుంచి నాకూ డౌటే. చేసినవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి, ఇంకోటి, అసలు మనుషుల్ని డబ్బులు ఎలా అడగాలి, నాకు అప్పు అడగడం కూడా రాదు.

ఒకసారి_దూకినోడు
మీ అక్కకి నా నమస్కారం చెప్పండి, పాయింట్ అదే. మీరు తెచ్చే ఆ మినిమమ్ డబ్బుల్లోంచే దూకడానికయ్యే ఖర్చు తీసుకుంటారు, మిగిలిందే జంతువులకి. అందుకని ముందు షెల్టర్ వాళ్లని ఒక్కటే అడగండి, నేను తెచ్చేదాంట్లో జంప్‌కి ఎంత పోతుంది అని. సూటిగా చెప్తే మంచిది, నసిగితే వదిలేయండి.

నాకిది ఎలా తెలిసిందంటే, మా పిన్నిని అడిగితే "నీ సరదాకి నేనెందుకురా డబ్బులివ్వాలి" అంది. చాలా కాలింది, కానీ ఆలోచిస్తే నిజమే కదా. తర్వాత జంప్ ఖర్చు నా జేబులోంచి కట్టేసి పేజీలో మొదటి లైన్‌లోనే రాసేశా, దూకడానికి నా డబ్బులు, మీరిచ్చే ప్రతి పైసా కుక్కలకే అని. పిన్ని కూడా ఇచ్చింది, తిట్టుకుంటూనే.

ఇక దూకడం గురించి. ఫస్ట్ టైమ్ అంటే టాండమ్‌యే, ఇన్‌స్ట్రక్టర్‌ని మీ వీపుకి కట్టేస్తారు, మీరు చేసేది ఏమీ ఉండదు, కాళ్లు మడవమన్నప్పుడు మడవడం తప్ప. మామూలుగా 10,000 అడుగుల పైనుంచి, గంటకి 200 కిలోమీటర్ల స్పీడ్‌లో ఓ అర నిమిషం నుంచి నిమిషం దాకా కింద పడతారు, తర్వాత పారాచూట్ కింద అయిదారు నిమిషాలు. అంతే. బరువుకి లిమిట్ ఉంటుంది, హెల్త్ ఫారం నింపాలి, ఇవి ఫీజు కట్టకముందే చూసుకోండి. మబ్బు పట్టినా గాలి ఎక్కువైనా క్యాన్సిల్, నేను రెండుసార్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని ఇంటికొచ్చా, మూడోసారి దూకా. అప్పటికి "దూకావా లేదా" అని అడగని వాడు లేడు 😅

మెల్లగా_పరిగెత్తేవాడు
నేను హాఫ్ మారథాన్ బ్యాచ్. పరుగులో కూడా ఇదే లెక్క ఉంది, ఎంట్రీ ఫీజు మనమే కట్టుకుని చేరితే మినిమమ్ టార్గెట్ గొడవ సాధారణంగా ఉండదు, ఎంతొస్తే అంత ఇవ్వచ్చు. అదే సంస్థ ఇచ్చిన ఎంట్రీ తీసుకుంటే టార్గెట్ పెడతారు. కానీ 21 కిలోమీటర్లంటే ఒక్క నెలలో అయ్యే పని కాదు, కొత్తగా మొదలెట్టేవాళ్లకి మూడు నాలుగు నెలలు వేసుకోండి.

అడగడం గురించి చెప్తా, ఎందుకంటే అసలు కష్టం పరుగు కాదు ఇదే. నేను మొదట వాట్సాప్ స్టేటస్‌లో లింక్ పెట్టి కూర్చున్నా. చూసినోళ్లు బోలెడు, ఇచ్చినోళ్లు ఇద్దరు, అందులో ఒకరు మా అమ్మ. గ్రూప్‌లో పెడితే అందరూ ఇంకెవరో ఇస్తారులే అనుకుంటారు. పేరు పెట్టి ఒక్కొక్కళ్లకి విడిగా రాయాలి, అప్పుడే కదులుతారు. పేజీ సున్నాతో మొదలుపెట్టొద్దు, ముందు మీరే వేయండి, తర్వాత చెయ్యి పెద్దదైన చుట్టాన్ని అడగండి, ఎందుకంటే తర్వాత వచ్చేవాళ్లు పైన ఎంత ఉందో చూసి దానికి దగ్గర్లోనే ఇస్తారు. జీతాలు పడిన వారంలో అడగండి, నెలాఖర్లో కాదు. మీ ఆఫీసులో ఉద్యోగులు తెచ్చినదానికి కంపెనీ కూడా సమానంగా కలిపే పద్ధతి ఉందేమో కనుక్కోండి, చాలామంది ఇది అడగనే అడగరు. అయిపోయాక ఫోటో పెట్టి మళ్లీ ఒకసారి అడగండి, నాకు చాలా డబ్బులు పరుగు అయిపోయిన రెండు రోజుల్లో వచ్చాయి.

సూటిమాట
నాకో విషయం అర్థం కాదు, ఇంత హంగామా ఎందుకు, ఆ డబ్బులేవో నేరుగా షెల్టర్‌కి ఇచ్చేస్తే సరిపోదా? దూకితే కుక్క కడుపు నిండుతుందా?

గిన్నెలు_కడిగే_అక్క
@సూటిమాట ఇచ్చేయండి మరి, వద్దన్నదెవరు 🙂 నేను ఒక షెల్టర్‌లో ఆదివారాలు పనిచేస్తా. నెల నెలా కొంచెం ఇచ్చేవాళ్లే మాకు దేవుళ్లు, అది నిజమే. కానీ చాలెంజ్ వల్ల మా పేరే తెలియని మనుషుల దగ్గర్నుంచి డబ్బులొస్తాయి, వాళ్లలో ఒకరిద్దరు తర్వాత కుక్కని తీసుకెళ్లడానికి కూడా వస్తారు. ఇంకోటి, గాయపడిన కుక్క ఫోటో పెడితే దానికని ఇస్తారు, కరెంట్ బిల్లుకి, ఊడ్చే మనిషి జీతానికి ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు. చాలెంజ్ డబ్బులు ఫలానా పనికే అని ఉండవు కాబట్టి ఈ బొక్కలన్నీ వాటితోనే పూడుస్తాం. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు కూడా అంతే, ఎవరి కంటికీ కనపడవు కానీ పిల్లి నాలుగైదు నెలల వయసుకే కడుపుతో ఉండచ్చు, రెండు నెలల్లో ఈనేస్తుంది, ఒక్కదాన్ని వదిలేస్తే ఏడాది తిరిగేసరికి ఎన్నవుతాయో లెక్కేసుకోండి.

@వంకరతోక తమ్ముడూ, డబ్బులు నీ ఫోన్‌కి వేయించుకోకు, సంస్థ పేజీలోకే వెళ్లేలా లింక్ ఇవ్వు, ఎవరన్నా చేతికిస్తే పేరు రాసి పెట్టుకో. కిలోమీటర్‌కి ఇంత అని మాటిచ్చేవాళ్లు ఉంటారు, ఆ తర్వాత వాళ్ల చుట్టూ తిరగలేక చస్తాం, ముందే ఒకే మొత్తంగా అడుగు. నడక ఎంచుకుంటే ఫోటో బాగుంటుందని ఎవరి కుక్కనో ఎండలో లాక్కెళ్లకు, మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడవు అవి, నాలుక బయటపెట్టి రొప్పాల్సిందే, పగ్‌లాంటి చప్పి మూతివాటికి అదీ సరిగ్గా చేతకాదు. రోడ్డు మీద నీ అరచెయ్యి వెనకవైపు ఆనించి అయిదారు సెకన్లు ఉంచలేకపోతే కుక్క నడవకూడదు.

వంకరతోక
అందరికీ థాంక్స్, అక్కకి చూపించా, గర్వంగా తిరుగుతోంది. షెల్టర్‌కి ఫోన్ చేస్తే దాచకుండా చెప్పారు, మినిమమ్‌లో సగానికి దగ్గరగా జంప్‌కే పోతుందట. జేబులోంచి కట్టే స్తోమత ఇప్పుడు లేదు, కాబట్టి నడకే. వంద అంటే రోజుకి మూడు కిలోమీటర్లు పైచిలుకు, ముప్పావు గంట, వర్షం పడితే మర్నాడు డబుల్. మెసేజ్ ఇలా రాశా, చూసి చెప్పండి:

"బాబాయ్, మన పిల్లి వచ్చిన షెల్టర్ కోసం ఈ నెల వంద కిలోమీటర్లు నడుస్తున్నా. నువ్వు నన్ను ఎప్పుడూ సోమరిపోతు అంటావు కదా, అది తప్పని నిరూపించడానికి నీ డబ్బులే కావాలి. మొత్తం షెల్టర్‌కే పోతుంది, నేనేమీ తీసుకోను."

మెల్లగా_పరిగెత్తేవాడు
బాగుంది, బాబాయ్ ఇచ్చేస్తాడు. లింక్ పెట్టడం మర్చిపోయావు.